కర్త తెలియని దుప్పట్ల పాట

జూన్ 3

కోడలు పిల్లా,

మేనత్తగా, హాస్టల్లో తిండి సరిపోతోందా, దిండు మెత్తగా ఉందా అని అడగాల్సిన ఉత్తరం ఇది. అవి చివర్లో అడుగుతాను. ముందు నా కోపం విను. వినకపోతే అది మీ మావయ్య మీద పడుతుంది. పాపం ఆయన ఈ వారంలో ఏ తప్పూ చెయ్యలేదు.

నిన్న డ్యూటీ దిగి నేరుగా సాయంత్రం సంగీత పాఠశాలకి వెళ్ళాను. అదే, మందుల షాపు మేడ మీద బోర్డు ఉంటుంది చూడు. సంగీతం రాయడం నేర్పుతామని ఈమధ్య మెట్ల దగ్గర కాయితం అంటించారు. నా సంగతి నీకు తెలుసుగా. ఆస్పత్రి లాండ్రీలో నిలబడినంతసేపూ నా బుర్రలో ఏదో ఒక బాణీ తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో విన్నది కాదు, దానంతట అదే పుడుతుంది. బస్సు దిగేసరికి ఎటో పోతుంది. ఇన్నేళ్ళలో అలా ఎన్ని పోయాయో ఆ దేవుడికే తెలియాలి. ఒక్కటైనా కాయితం మీద పెట్టుకోగలిగితే అది నాదని ఉంటుంది కదా. నాకున్న ఆశ అంతే, పెద్దదేం కాదు.

అక్కడి గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఏం వాయిస్తారని అడిగాడు. ఏమీ వాయించనన్నాను. పోనీ పాడతారా అన్నాడు. పైకి పాడను, లోపల పాడుకుంటానన్నాను. అప్పుడు ఆయన మొహం చూడాలి నువ్వు. రాసే క్లాసు మీలాంటివాళ్ళకి కాదండీ, శుక్రవారాలు విని ఆనందించే క్లాసు ఉంది, అందులో చేరండి, టీ కూడా ఇస్తారు అన్నాడు. నేనేదో టీకి మొహం వాచి మెట్లెక్కినట్టు. తల కొట్టేసినట్టయింది. దిగి వచ్చేశాను కానీ ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు.

ఇంటికొచ్చి, నువ్వు సంగీతం కాలేజీకి వెళ్తూ మా ఇంట్లో పడేసిన అట్టపెట్టె విప్పాను. బుల్లి కీబోర్డు, అట్ట ఊడిన పాఠాల పుస్తకం, స్వరాలు రాసుకునే ఐదు గీతల కాయితాలు ఒక కట్ట ఉన్నాయి. కాయితాల మీద ఒక్క గుర్తు కూడా లేదు, ఉత్త గీతలే. బట్టలు ఇంకా ఆరెయ్యని దండేల్లా ఉన్నాయి. అలా ఊరికే వదిలెయ్యడానికి నాకు చేతులు రాలేదు. పుస్తకం చూసి రెండు పేజీలు నింపాను. ఇందులోనే పెడుతున్నాను. చూసి ఎలా ఉన్నాయో చెప్పు. మొదట్లో వచ్చే ఆ మెలికల గుర్తు మాత్రం నాకు లొంగడం లేదు. ఎన్నిసార్లు గీసినా హేంగరు కొక్కెంలా వస్తోంది.

తిండి సరిపోతోందా? దిండు?

మీ అత్త


జూన్ 15

అత్తా,

తిండి పరవాలేదు. దిండు రాయి.

ఆ గుమాస్తా గురించి చదివి పక్క గదివాళ్ళు వచ్చి చూసేలా నవ్వాను. ఆయన నోరు మూయించకుండా ఎలా వచ్చేశావు? నీ నోరు సంగతి మా నాన్న ఎప్పుడూ చెబుతుంటాడు.

పేజీలు దిద్ది పంపుతున్నాను. ఆ మెలిక కింది నుంచి రెండో గీతని చుట్టుకుని మొదలవ్వాలి. నువ్వు గాల్లో మొదలుపెట్టి గాల్లోనే వదిలేస్తున్నావు. స్వరానికి తల గుండ్రంగా కాదు, కాస్త పక్కకి వాలిన కోడిగుడ్డులా ఉండాలి. నడిమి గీతకి కిందున్నవాటికి కాడ, అంటే తలకి తగిలించే నిలువు గీత, కుడిపక్క నుంచి పైకి లేస్తుంది, పైనున్నవాటికి ఎడమపక్క నుంచి కిందికి దిగుతుంది. నువ్వు అన్నిటికీ పైకే పెట్టావు, అందుకే కొన్ని పై వరుసలోకి దూసుకుపోయాయి. ఒక్కో గుర్తునీ ఒక్కో వరుస నిండా రాయి. చెయ్యి తిరిగేదాకా అంతే, మాకూ అలాగే చేయించారు. కొత్త కట్ట ఒకటి పోస్టులో వేశాను.

ఇక్కడ చదువు బాగానే ఉంది. మనుషులతోనే ఇబ్బంది. మా క్లాసులో అందరి ఇళ్ళలోనూ పియానో ఉంది. ఒకడి తాతగారి పేరు మా పెద్ద హాలుకే పెట్టారు. మీ ఇంట్లో ఎవరేం వాయిస్తారని అడిగితే నేను మాట మారుస్తుంటాను. నువ్వేం అనుకోకు, ఊరికే చెబుతున్నా.

నీ కోడలు


జూన్ 27

టీచరమ్మ గారికి,

తమరు పంపిన కాయితాలు అందినవి. ఎర్ర సున్నాలు కూడా అందినవి. నేను నా స్వరాలు వెతుక్కుందామని చూస్తే సున్నాలే కనిపించాయి. మా సూపర్వైజరు చిరిగిన దుప్పట్లకి ఇలాగే ఎర్ర గుర్తు పెట్టి మూలకి విసిరేస్తాడు. మేనత్త మొట్టమొదట రాసిన కాయితానికి అదా మర్యాద? నిన్ను ఈ చేతులతో ఎత్తుకు తిప్పాను. నీ ముక్కు కారితే తుడిచాను. ఇప్పుడు నా కాడలు ఎడమపక్కన లేవని ఇంత ఎర్ర సిరా ఖర్చుపెట్టావు. కాయితాలు సొరుగులో పడేసి ఇక ఈ గోలే వద్దనుకున్నాను.

మర్నాడు మళ్ళీ తీశాను, అది వేరే సంగతి. నీకోసం కాదు, ఆ గుమాస్తా గుర్తొచ్చి.

ఇప్పుడు మెలిక కుదిరింది. రెండో గీతని పట్టుకుని లేస్తే తిన్నగా వస్తోంది. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే అంత కాయితం వేస్టయ్యేది కాదు కదా. కోడిగుడ్లు కూడా వాలుతున్నాయి. డ్యూటీ నుంచి రాగానే భోజనాల బల్ల మీద కాయితాలు పరుస్తున్నాను. మీ మావయ్య కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. బల్ల మీద పెట్టుకోవచ్చుగా అంటే పాఠం జరుగుతోంది కదా, పులుసు ఒలికితే స్వరం మారిపోతుందేమో అంటాడు. నీకు ఆయన గాలే సోకింది, ఎకసెక్కం.

కింద చూడు, మూడు వరుసలు. దిద్దితే పెన్సిల్‌తో దిద్దు.

కోపంగా ఉన్న మీ అత్త


జూలై 9

అత్తా,

తప్పయింది. ఎర్ర పెన్ను పారేశాను. నీ మూడు వరుసల్లో దిద్దడానికి ఒక్క కాడ తప్ప ఏమీ లేదు. నిజంగా చెబుతున్నా, మా క్లాసులో ఇద్దరు ముగ్గురి రాత కంటే నీదే శుభ్రంగా ఉంది.

ఇక చూసి రాయడం చాలు. చెవిలో ఉన్నదాన్ని రాయాలి. బుల్లి కీబోర్డు మీద ఒక్కో స్వరం వెతుక్కుని, దొరికినదాన్ని గీతల మీద పెట్టు. నీ పని దగ్గరి పాట ఏదైనా పంపకూడదూ? మా ప్రొఫెసరు గారు పనిపాటలు సేకరిస్తున్నారు. పెద్ద పుస్తకం వేస్తారట. మా అందరికీ అదే ప్రాజెక్టు ఇచ్చారు, ఎవరి పనిపాటనైనా తీసుకుని దాన్ని పెద్ద రచనగా పెంచాలి. నాకు ఇంకా ఏమీ దొరకలేదు. నువ్వు పంపితే నాకూ పనికొస్తుంది.

నీ కోడలు


జూలై 26

కోడలు పిల్లా,

ఇదిగో, దుప్పట్లు మడతపెట్టే పాట. ఎనిమిదే గడులు, అదే, నిలువు గీతల మధ్య అరలు. వాటితోనే వారమంతా కుస్తీ పట్టాను.

ఇది ఎలా నడవాలో చెబుతాను విను, లేకపోతే నువ్వు దాన్ని పరిగెత్తిస్తావు. మా ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరులోంచి వేడివేడిగా బయటికొస్తాయి. చెరో కొస పట్టుకుని ఇద్దరం దూరంగా నిలబడతాం. నాకు జోడీ మా పొడుగావిడ. విదిలిస్తాం, సగానికి మడుస్తాం, తర్వాత ఆవిడ తన కొస నా చేతిలో పెట్టడానికి నడిచి వస్తుంది. రోలరుకీ బీరువాలకీ మధ్య ఆవిడ ఐదు అడుగులు వేసేంత చోటే ఉంది. అందుకని ఒక్కో గడిలో ఐదు తాళం దెబ్బలున్నాయి. నాలుగు దెబ్బల వరకూ స్వరం మెట్లు దిగుతున్నట్టు వస్తుంది, ఐదో దెబ్బకి ఊరికే ఆగుతుంది. కొస చేతికందేది అక్కడే. ఆ ఆగడం కోసం ఏం గుర్తు పెట్టాలో పుస్తకంలో వెతికి పెట్టాను.

దీన్ని కాయితం మీద చూసుకుని, కీబోర్డు మీద మళ్ళీ మొదటి నుంచి వాయించుకుని, అదే పాట వచ్చేసరికి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. బస్సు దిగినా ఎటూ పోలేదు. మీ మావయ్యని కూర్చోబెట్టి వినిపించాను. ఇంకోసారి అన్నాడు. ఆయన ఆ మాట అన్నం దగ్గర తప్ప అనడు.

మీ అత్త


సెప్టెంబర్ 12

అత్తా, అత్తా,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టకు. ఊపిరి ఆడలేదు. చెబితే ఎగిరి గంతేస్తావు. నీ దుప్పట్ల పాటని వయొలిన్లకీ, నేల మీద ఆనించి వాయించే పెద్ద వయొలిన్ లాంటి చెల్లోకీ పెంచి రాశాను. మొన్న కాలేజీ పోటీలో వాయించాం. మొదటి బహుమతి నాకే వచ్చింది. ఆ తాతగారి మనవడికి రెండోది. ప్రొఫెసరు గారు హాలంతా వినేలా అన్నారు, ఇలాంటి పాట ఏ ఒక్కరో కడితే వచ్చేది కాదు, ఎన్ని తరాల చేతులు కలిస్తేనో పుడుతుంది అని. పుస్తకంలో మొదటి పాటగా ఇదే వేస్తారట. పక్కన నా పేరు కూడా ఉంటుంది.

ఒక్క చిన్న మార్పు చేశాను. నువ్వు గడికి ఐదు దెబ్బలు రాశావు. లెక్క తప్పావనుకుని నాలుగు చేశాను. అలా అయితేనే వాయించేవాళ్ళకి సాఫీగా ఉంటుంది.

ఆ రోజు పంచిన ప్రోగ్రాం కాయితం ఇందులో పెడుతున్నాను, దాచుకో.

పొంగిపోతున్న నీ కోడలు


సెప్టెంబర్ 20

ఏమేవ్,

నువ్వు పంపిన ప్రోగ్రాం చదివాను. మీ మావయ్య చేత కూడా చదివించాను, నా కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని. "ఆస్పత్రి లాండ్రీ కార్మికుల పనిపాట. కర్త తెలియదు." దాని కింద సేకరించి సమకూర్చినది అని నీ పేరు, లావుపాటి అక్షరాల్లో.

కర్త తెలియదా? ఎవరికి తెలియదు? కర్త ఇక్కడ ఆవిరిలో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. కర్తకి నీ పుట్టుమచ్చలు కూడా తెలుసు. ఆ పాట నేను కట్టాను. అంతా నేనే కట్టాను. విన్నది కాదు, దానంతట అదే పుడుతుందని, కాయితం మీద పెట్టుకుంటే నాదని ఉంటుందని నీకు మొట్టమొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ ముక్క చదవలేదా, లేక గుమాస్తా దగ్గర నవ్వి అక్కడే వదిలేశావా?

తరాల చేతులట. ఏ తరాలు? నాకంటే ముందు ఆ రోలరు దగ్గర పనిచేసినావిడ ఊళ్ళోనే ఉంది, వెళ్ళి అడుగు. అసలు లాండ్రీలో పాడతామని నీకెవరు చెప్పారు? రోలరు తిరుగుతుంటే పక్క మనిషి చెవి దగ్గర కేకేసినా వినపడదు. మాటలే సైగలతో నడుస్తాయి. అక్కడ ఎవ్వరూ పాడరు. వినపడదు కాబట్టే నేను లోపల పాడుకుంటాను, అలా అలవాటైంది.

ఐదుని నాలుగు చేశానంటావా? నాలుగడుగుల్లో మా పొడుగావిడ నా దగ్గరికి చేరదు. నీ పాట ప్రకారం దుప్పట్లన్నీ నేల పాలు. లెక్క తప్పలేదు, నీకు ముందే వివరంగా రాశాను, అదీ చదవలేదు. నా ఉత్తరాలు నువ్వు దేనికి వాడుతున్నావు, సీసాల మూతలకా?

నాకు వయొలిన్లు వద్దు, పుస్తకం వద్దు. అది నేను కట్టానని మీ ప్రొఫెసరుకి చెప్పు. అంతే.

మీ అత్త


సెప్టెంబర్ 29

అత్తా,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. నేను కావాలని చెయ్యలేదు. పని దగ్గరి పాట పంపమన్నాను, నువ్వు దుప్పట్లు మడతపెట్టే పాట అని రాసి పంపావు. అందరూ కలిసి పాడుకునేదనే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాదేనని అందులో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా.

ఇప్పుడు చెప్పమంటే ఎలా చెప్పను? పుస్తకం అచ్చుకి వెళ్తోంది. బహుమతి ఇచ్చిందే పనిపాటకి. ఇప్పుడు కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను. నాలుగేళ్ళూ ఆ తాతగారి మనవడి నవ్వు చూస్తూ బతకాలి. పైగా నువ్వే ఆలోచించు, ఆ పాటని ఇకమీదట ఎంతమంది వాయిస్తారో. పేరులో ఏముంది అత్తా? పాట మిగులుతుంది కదా.

ఇంకో సంగతి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రొఫెసరు గారు మీ లాండ్రీకి వస్తున్నారు. ఆడవాళ్ళంతా కలిసి ఆ పాట పాడుతుంటే రికార్డు చేసుకుంటారట. మీ ఆస్పత్రి పెద్దల దగ్గర అనుమతి కూడా తీసుకున్నారు. నీకు దణ్ణం పెడతాను, ఆయన వచ్చేలోగా మీ వాళ్ళందరికీ ఆ ఎనిమిది గడులూ నేర్పవా? ఒక్కసారి పాడితే చాలు. నాలుగు దెబ్బలతో.

నీ కోడలు


అక్టోబర్ 4

నేర్పను.

పేరులో ఏమీ లేకపోతే ఆ పుస్తకంలో నీ పేరు తీసేయించు, చూద్దాం.

అత్త


అక్టోబర్ 17

అమ్మాయ్,

మీ ప్రొఫెసరు వచ్చి వెళ్ళాడు. ఆయన నీకేం చెబుతాడో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంచి మనిషే. చెప్పులు బయట విడవాలా అని అడిగాడు. మా సూపర్వైజరు పెద్ద ఆఫీసరు వచ్చినట్టు హడావిడి చేసి రోలర్లు ఆపించాడు. పగటిపూట అవి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. పైపుల్లో నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడింది, అక్కడ అలాంటి చప్పుడు ఉందనే మాకు తెలియదు. మమ్మల్నందర్నీ రెండు వరుసల్లో నిలబెట్టారు. ఆయన రికార్డరు బల్ల మీద పెట్టి, మీరు రోజూ పాడుకునే పాట పాడండమ్మా, సిగ్గుపడకండి అన్నాడు.

ఎవరు పాడతారు? ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి మా పొడుగావిడ, పాటేంటి సార్, ఈ హోరులో మా పేర్లే మాకు వినపడవు అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నీ నాలుగు దెబ్బల పాట కూనిరాగం తీసి, ఇది ఎవరికి తెలుసు అని అడిగాడు.

నీకు నిజం చెబుతాను, అప్పుడు కూడా నీ గురించే ఆలోచించాను. వెనక వరుసలో తలొంచుకుని నిలబడితే సరిపోయేది. ఆయన నిరాశపడి వెళ్ళిపోయేవాడు, నీ పుస్తకం నీకుండేది. కానీ బయటివాళ్ళ నోట నా పాట వినడం అదే మొదటిసారి. వంకరగా, ఒక కాలు తీసేసినట్టుగా ఉన్నా అది నాదే. నాకు తెలుసండీ అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నారా అన్నాడు. లేదండీ, నేనే కట్టానన్నాను. అంటే పాతదాన్ని మార్చారా అన్నాడు. పాతది లేదండీ, మొత్తం నాదే, రాసింది కూడా నేనే అన్నాను. ఆయన వంగి రికార్డరు ఆపాడు. తర్వాత చాలా మెత్తగా చెప్పాడు.

"చాలా బాగుందమ్మా. కానీ కట్టినవాళ్ళు ఎవరో తెలిసిన పాట మా పుస్తకానికి పనికిరాదు."

రికార్డరు సంచీలో పెట్టేసుకున్నాడు. చూశావా తమాషా. పొద్దున దాకా అది తరాల సొత్తు. నేను కట్టానని తెలిసేసరికి పనికిరానిదైపోయింది. పాటలో ఒక్క స్వరం కూడా మారలేదు. నా కోపం ఎంతగా ఉందంటే, ఆ రోజు మడిచిన దుప్పట్లు మళ్ళీ ఇస్త్రీ చెయ్యాల్సి వచ్చింది.

అసలు సంగతి అది కాదు. గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగాడు. మీ దగ్గర ఈ పాట రాసుకున్న అమ్మాయి మీకు గుర్తుందా అని అడిగాడు. ఆ అమ్మాయి ఎవరో ముక్కూమొహం తెలియని లాండ్రీ మనిషి దగ్గర సేకరించానని చెప్పిందట, ఆవిడ మీరేనా అన్నాడు.

ముక్కూమొహం తెలియని మనిషి.

కర్త తెలియదని వేశావు, పొరపాటు పడ్డావనుకున్నాను. చెప్పడానికి భయపడ్డావు, చిన్నపిల్లవనుకున్నాను. కానీ అడిగినప్పుడు మా అత్త అని చెప్పడానికి నీకు ఏం అడ్డమొచ్చింది? పాట మీద నా పేరు లేకపోతే నాకు కోపం వచ్చింది, ఉత్తరంలో కక్కేశాను, సగం పోయింది. ఇది కోపం కాదు. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నువ్వు మాట మారుస్తుంటానని రాసినప్పుడు ఏదోలే అనుకున్నాను. మార్చేది నన్నేనని అనుకోలేదు.

ఆయనకి ఏం చెప్పానో తెలుసా. ఆ అమ్మాయి ఎవరో నాకు గుర్తులేదండీ అన్నాను. నీకు కావలసింది అదేగా.

కాయితాలు ఇంకా మిగిలాయి. వాపసు పంపమంటే పంపుతాను.


అక్టోబర్ 26

అత్తా,

నీ ఉత్తరం రాకముందే ప్రొఫెసరు గారు నన్ను పిలిచి పాట పుస్తకంలోంచి తీసేస్తున్నానన్నారు. నేను గదికొచ్చి నీకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నీ మూలంగా నా చదువే పాడైందని, నీకు పంతమే ముఖ్యమని, నోటికొచ్చినదల్లా రాశాను. పోస్టు చెయ్యడానికి కిందికి దిగితే నీది వచ్చి ఉంది. మెట్ల మీదే కూర్చుని చదివాను. గుర్తులేదండీ అన్నానని రాశావు చూడు, అక్కడ దాకా చదివి ఇంక చదవలేకపోయాను. నా నాలుగు పేజీలు చింపేశాను.

మర్నాడు ఆయన గదికి వెళ్ళాను. ఆవిడ మా మేనత్త అని చెప్పాను. మరి ముందే ఎందుకు చెప్పలేదు అన్నారు. పియానోలూ తాతగార్లూ ఉన్నవాళ్ళ మధ్య లాండ్రీలో పనిచేసే అత్త ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, అదే మాట ఆయనకీ చెప్పాను. అంతకంటే బాగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నీకూ అదే చెబుతున్నాను. క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం లేదు.

బహుమతి తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడది తాతగారి మనవడి దగ్గరుంది, వాడు నవ్వాడు కూడా. అనుకున్నంత బాధేం వెయ్యలేదు. నాకు మండింది వేరే చోట. కట్టిన మనిషి తెలిసినంత మాత్రాన పాట ఎలా పనికిరాకుండా పోతుందండీ, పోయినవాళ్ళదైతేనే మీకు పాటా అని ప్రొఫెసరు గారిని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు. నేను బయటికి వస్తూ తలుపు గట్టిగా వేశాను. అది నీ పోలికే అనుకో.

ఏడాది చివర విద్యార్థుల కచేరీ ఉంది. అందులో నీ పాట పెట్టాను, అందరికంటే ఆఖర్న. అప్పటికి జనం సంచులు సర్దుకుని లేచిపోతుంటారు, అయినా సరే. ఐదు దెబ్బలతోనే రాశాను. చెల్లో వాయించేవాడు ఐదో దగ్గర తడబడుతున్నాడు. మా హాస్టల్ దుప్పటి తెచ్చి ఒక కొస వాడి చేతిలో పెట్టి నడిపించాను. ఇప్పుడు కుదిరింది.

ప్రోగ్రాం అచ్చువేసేవాళ్ళు అడుగుతున్నారు, రచన అని వేసి పక్కన నీ పేరు ఎలా వెయ్యాలని. ముందు ఏం ఉండాలి, వెనక ఏం ఉండాలి, ఆస్పత్రి పేరు వెయ్యాలా వద్దా, నువ్వు ఎలా చెబితే అలా. నువ్వు రాసేదాకా ఆ చోటు అలాగే ఉంచమన్నాను. ఇంకెవరి చేతా నింపించను.

నీ కోడలు


నవంబర్ 3

అమ్మడూ,

నా కోపం తగ్గిందనుకోకు. తగ్గితే నేనే చెబుతాను. నువ్వు తలుపు గట్టిగా వేశావని చదివినప్పుడు మాత్రం కాస్త నవ్వొచ్చింది. మీ మావయ్య అది చూసి, ఈ పూట బల్ల మీద తినొచ్చా అని అడిగాడు.

వదలమంటే ఆ కాయితాలని నేను వదల్లేను, కాబట్టి వాపసు మాట మర్చిపో. ఇంకో రెండు బాణీలు రాశాను. ఈసారి నీకు ఇప్పుడే పంపను, కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకుంటాను. మా పొడుగావిడ తనకీ రాయడం నేర్పమంటోంది. ఎర్ర పెన్ను కొంటావా అని అడిగింది, లేదన్నాను.

పేరు సంగతి ఇంట్లో పెద్ద చర్చ అయింది. జీతం కాయితం మీదా, ఆస్పత్రి కార్డు మీదా అత్తింటి పేరే ఉంది, అదే వేస్తే మా వాళ్ళందరూ చూసి మురిసిపోతారని మీ మావయ్య అన్నాడు. పాపం, పాట మొదట విన్నది ఆయనే, ఆశ ఉంటుంది. లాండ్రీ అనీ ఆస్పత్రి అనీ పక్కన ఏమీ వద్దు. చెల్లో వాయించే అబ్బాయి పేరు పక్కన వాళ్ళ నాన్న ఏం చేస్తాడో వేస్తున్నారా?

బాగా ఆలోచించాను. నా పేరు పూర్తిగా వెయ్యి, ముందు పుట్టింటి పేరు పెట్టి వెయ్యి. అది నాదీ, మీ నాన్నదీ, నీదీ. రచన అని పైన నా పేరు వేసి, సమకూర్చినది అని కింద నీ పేరు వేస్తావు కదా. రెండిటి ముందూ ఒకే ఇంటిపేరు ఉంటుంది. అప్పుడు నీకు నేనేమవుతానని ఎవరూ నిన్ను అడగరు, నన్నూ అడగరు.

మీ అత్త